వజ్రపు మొన అరిగితే

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం షెడ్లలో పెద్ద కంపెనీలకు జాబ్‌వర్క్ చేసే మెషిన్ షాపుల్లో లేతులూ గ్రైండింగ్ మిషన్లూ మోగే హాలుకు ఒక మూల అద్దాల తలుపున్న చిన్న గది కనిపిస్తుంది. క్యూసీ రూము అంటారు. నల్ల గ్రానైట్ బల్ల, దాని మీద మైక్రోమీటర్లు, బోర్ గేజీలు, వాటి పక్కనే అరచేతిలో పట్టేంత రఫ్‌నెస్ టెస్టర్. ఆ టెస్టర్ నుంచి బయటికి సన్నటి కడ్డీ ఒకటి వస్తుంది. కడ్డీ కొసన వజ్రపు మొన. ఆ మొన గుండ్రదనం వ్యాసార్ధం 2 మైక్రాన్లు, లేదంటే 5. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. తయారైన ఇనుప ముక్క మీద ఈ మొన నాలుగైదు మిల్లీమీటర్లు నెమ్మదిగా నడుస్తుంది. పైకి అద్దంలా మెరిసే ఉపరితలంలోని గుట్టలూ గుంతలూ ఎక్కి దిగుతుంది. ఆ ఎగుడుదిగుడు విద్యుత్ సంకేతమై తెర మీద ఒక అంకెగా వెలుగుతుంది. షాపులో దాన్ని ‘ఆర్ఏ వాల్యూ’ అంటారు.

ఇది గ్రామఫోను సూది చేసే పనే. గాడిలోని అలల మీద మొన నడవడం, ఆ కదలికను తీగచుట్టో స్ఫటికమో పట్టుకోవడం, దాన్ని పెద్దది చేసి చూపించడం. ఒకచోట అది పాట అవుతుంది, ఇంకోచోట అంకె అవుతుంది. గ్రామఫోను పికప్ విద్య ముదిరాకే ఈ కొలత పరికరాలు వచ్చాయి. 1930లలో అమెరికాలో ఎర్నెస్ట్ అబ్బాట్ ప్రొఫైలోమీటర్, 1941లో ఇంగ్లండులోని లెస్టర్‌లో టేలర్ హాబ్సన్ కంపెనీకి రిచర్డ్ రీజన్ చేసిన టాలిసర్ఫ్ ఈ వంశానికి పెద్దలు. గ్రామఫోను సూది, కొలత మొన అనే ఈ ఇద్దరు దాయాదులకూ ఉన్న జబ్బు కూడా ఒకటే. మొన అరుగుతుంది. అరిగినా పని ఆపదు. పాట వినిపిస్తూనే ఉంటుంది, అంకె కనిపిస్తూనే ఉంటుంది. ఈ జబ్బు ఎలా పుడుతుందో, దాన్ని పట్టుకునే చేతులెంత నేర్పుగలవో చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు గ్రామఫోను సంగతి. 78 వేగం రికార్డులు లక్కతో చేసేవారు. ఆ లక్కలో మెత్తగా నూరిన రాతిపొడి కలిపేవారు. దానికొక కారణం ఉంది. ఆ రోజుల్లో సూదిని పట్టుకునే సౌండుబాక్సు వంద గ్రాములకు పైగా బరువుతో రికార్డు మీద కూర్చునేది. కొత్త ఉక్కు సూది గాడిలో దిగగానే మొదటి కొద్ది చుట్లలో రాతిపొడి దాన్ని సానపట్టి గాడి ఆకారానికి తెచ్చేది. అంటే సూది అరగడం అక్కడ పొరపాటున జరిగేది కాదు, అలా అరగాలనే రికార్డును తయారు చేశారు. సూది బలి కావాలి, పాట బతకాలి. అందుకే ఒక్కో వైపుకు ఒక్కో కొత్త సూది వాడమని డబ్బాల మీద అచ్చువేసి మరీ చెప్పేవారు. ఆ క్రమశిక్షణ పాటించిన ఇళ్లలో రికార్డులు ఎనభై తొంభై ఏళ్ల తర్వాత కూడా బాగానే పలుకుతాయి. పొదుపు కోసం ఒకే సూదితో పది పాటలు విన్న ఇళ్లలో అరిగిన సూది ఉలిగా మారి గాడిని చెక్కేసింది. పాత నాటక పద్యాల రికార్డు ఒకటి దొరికితే వెలుగులో ఏటవాలుగా పట్టి చూడండి. గాయకుడు రాగం పైకెత్తిన చోట నల్లటి రికార్డు బూడిదరంగుకు తిరిగి ఉంటే ఆ గాయం అదే. గొంతు ఎంత ఎత్తుకు లేస్తే గాడి అంత బలంగా వంకర్లు పోతుంది. అరిగిన సూది ఆ వంపు తిరగలేక గోడను గీరుకుంటూ పోతుంది.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చింది. లక్క పోయి వినైల్ వచ్చింది, గాడి మూడో వంతుకు సన్నబడింది, వేగం నిమిషానికి 33⅓ చుట్లకు తగ్గింది. 78కి 65 మైక్రాన్ల వ్యాసార్ధమున్న మొన సరిపోయేది. ఎల్పీకి 25, తర్వాత 18 మైక్రాన్లకు దిగారు. ఉక్కు ఇక్కడ పనికిరాదు. మొదట నీలం, అంటే కృత్రిమ సఫైర్, తర్వాత వజ్రం. మన ఇళ్లలో వెలిగిన హెచ్.ఎం.వి. ఫియెస్టా కాలంనాటి ప్లేయర్లలో చిన్న మీట తిప్పితే ఒకవైపు 78 మొన, ఇంకోవైపు ఎల్పీ మొన వచ్చే ఏర్పాటు చాలామందికి గుర్తుండే ఉంటుంది. నీలపు మొన ఎల్పీ మీద నలభై యాభై గంటలకే అరిగిపోతుంది. వజ్రం 500 నుంచి 1000 గంటలు నిలుస్తుంది.

500 గంటలంటే ఎంత దూరమో లెక్క వేసి చూడండి. ఎల్పీ ఒక వైపు ఇరవై నిమిషాలు ఆడితే మొన సుమారు 430 మీటర్ల గాడి నడుస్తుంది. గంటకు 1.3 కిలోమీటర్లు. 500 గంటలకు 650 కిలోమీటర్లు. పటాన్‌చెరులో బయలుదేరి ముంబై హైవే మీద సంగారెడ్డి, జహీరాబాద్, షోలాపూర్ దాటి పుణె చేరినా ఇంకా మిగిలేంత దూరం. ఆ దూరమంతా మొన నడిచేది మెత్తటి ప్లాస్టిక్ మీదే. మరి లోకంలోకెల్లా గట్టి పదార్థం అరగడమేమిటి?

దానికి కారణం ఒత్తిడి, దుమ్ము. పికప్ బరువు ఒకటిన్నర రెండు గ్రాములే అయినా అది ఆనే చోటు చదరపు మైక్రాన్లలో ఉంటుంది. మొన గాడి గోడలను తాకే ఆ రెండు చుక్కల దగ్గర ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు టన్ను దాటిపోతుంది. ఇక దుమ్ములో ఉండేది చాలావరకు ఇసుకరేణువే. ఎగువన క్వారీ లారీలు, దిగువన ఫౌండ్రీలు ఉన్న మన హైవే పక్క ఊళ్లలో ఆ రేణువులకు కొదవ లేదు. వినైల్‌లో ఇరుక్కున్న రేణువు సానరాయి పని చేస్తుంది. దుమ్ము తుడవని రికార్డు మీద మొన ఆయుష్షు ఎన్నో రెట్లు తగ్గుతుంది.

వజ్రం అన్ని దిక్కులా ఒకే గట్టితనం చూపదన్నది ఇంకో సంగతి. దాని స్ఫటికంలో కొన్ని దిశల్లో సాన తేలిగ్గా పడుతుంది, కొన్ని దిశల్లో ఎంత రాసినా లొంగదు. వజ్రపు పొడితో వజ్రాన్ని సానపట్టడం సాధ్యమవుతున్నది ఈ తేడా వల్లే. పొడిలోని కణాల్లో కొన్నైనా తమ గట్టి ముఖంతో రాయి మెత్తటి దిశను తాకుతాయి. కొల్లూరు గనుల రాళ్లు చేతులు మారిన గోల్కొండ పటాన్‌చెరుకు ఇరవై పాతిక కిలోమీటర్ల దూరం. రాయిలో పట్టు ఎటుందో కనిపెట్టడం వజ్రాల పనివాళ్ల విద్యలో మొదటి పాఠం. మేలురకం మొన చేసేవాళ్లు ఇప్పటికీ అదే పాఠం చదువుతారు. గాడి గోడకు ఆనే వైపున స్ఫటికంలోని గట్టి దిశ వచ్చేలా తిప్పి, అప్పుడు చెక్కుతారు. వెంట్రుకంత రాయికి ముందువెనుకలు చూడటం అది. ఆ పనికి నేను చేతులెత్తి మొక్కుతాను.

చవక మొనల్లో లోహపు కాడ కొసన వజ్రపు తునక అతికిస్తారు. ఖరీదైన వాటిలో కాడ మొత్తం వజ్రమే, బరువు తక్కువ కాబట్టి గాడి వంపుల్లో చురుగ్గా తిరుగుతుంది. ఆకారంలోనూ తేడాలున్నాయి. గుండ్రటి మొన మొదటిది. తర్వాత కోడిగుడ్డు వాటం వచ్చింది, దాని పక్క అంచు వ్యాసార్ధం 7, 8 మైక్రాన్లే. 1970ల మొదట్లో జపానులో షిబాటా పేరుతో వచ్చిన మొన గాడి గోడను చుక్కలా కాకుండా నిలువు గీతలా తాకుతుంది. తాకే చోటు పొడవైతే ఒత్తిడి తగ్గుతుంది, అరుగుదలా తగ్గుతుంది, సన్నటి అలలూ దొరుకుతాయి. ఒకే చెక్కుడుతో మూడు పనులు.

ఇక అరిగినప్పుడు చెవికి ఏం వినిపిస్తుందన్నది. ఎల్పీ ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగినా, మొన కింద గాడి కదిలే వేగం బయటి అంచున సెకనుకు అర మీటరు దాకా ఉండి, లోపలికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. సెకనుకు పదివేల కంపనాలున్న సన్నటి ధ్వని బయటి గాడిలో 51 మైక్రాన్ల అలగా చెక్కుకుంటే, లోపలి గాడిలో 21 మైక్రాన్లకు కుదించుకుపోతుంది. గుంట మెట్టా చెరి పది మైక్రాన్లు. మొన పక్కలు అరిగి పదిహేను మైక్రాన్ల చదునులు పడ్డాయనుకోండి, అది ఆ గుంటలోకి దిగలేదు. నూరు కంపనాల మృదంగం మోత మాత్రం అదే చోట రెండు మిల్లీమీటర్ల పొడవున్న అల. దాని మీద అరిగిన మొన హాయిగా నడుస్తుంది. అందుకే అరిగిన మొనతో విన్నా పాట గంభీరంగానే ఉన్నట్టు తోస్తుంది. లయ ఎక్కడికీ పోదు, శ్రుతీ పోదు, పోయేది సన్నదనం. వీణ తీగ మీద గోరు తగిలే చప్పుడు, కంజిర గలగల, వయొలిన్ కమాను తీగను పట్టుకునే తొలి క్షణం ముందు మాయమవుతాయి.

ఆ తర్వాత చెడేవి శ, ష, సలు. ఘంటసాల భగవద్గీత రికార్డు ఉన్నవాళ్లు ఈ పరీక్ష చేసి చూడవచ్చు. సంస్కృత శ్లోకంలో ఊష్మాలు దండిగా ఉంటాయి. ఘంటసాల ఉచ్చారణలో శకారానికీ షకారానికీ తేడా తేటగా తెలుస్తుంది. మొన బాగున్నప్పుడు ఆ రెండూ విడివిడిగా చెవిన పడతాయి. అరిగినప్పుడు రెండూ కలిసి ఒకే ఉమ్ము చప్పుడవుతాయి. ఆ తేడా రికార్డు మొదట్లోకన్నా చివర్లో, లేబులుకు దగ్గరగా వచ్చినప్పుడు, గట్టిగా కొడుతుంది. మొదటి శ్లోకం శుభ్రంగా ఉండి చివరిది బొంగురుపోతే గాయకుణ్ణీ రికార్డునూ అనుమానించే ముందు మొనను అనుమానించాలి. ఎడమ స్పీకరులోనే ఎక్కువ గరగర ఉంటే ఇంకొంచెం వివరం దొరుకుతుంది. తిరిగే రికార్డు పికప్‌ను మోసే చేతిని మధ్యకు లాగుతుంది కాబట్టి సరిచేయకపోతే లోపలి గోడ మీద బరువు ఎక్కువ పడుతుంది. స్టీరియోలో ఎడమ ధ్వని ఉండేది ఆ గోడలోనే.

ఒక దశ దాటాక మొన వినిపించకపోవడంతో ఆగదు. చదునుల అంచులు పదునెక్కి గాడిలోని సన్నటి అలలను గొరిగేస్తాయి. అప్పుడు కొత్త మొన కొనితెచ్చినా పోయిన ధ్వని తిరిగి రాదు. అయితే ఇక్కడ పాత రికార్డులను కాపాడేవాళ్ల తెలివి ఒకటి చెప్పుకోవాలి. 78లకు వాళ్లు ఒక్క మొనతో సరిపెట్టుకోరు. 50 మైక్రాన్ల నుంచి 100 దాకా రకరకాల వ్యాసార్ధాల మొనలు పెట్టుకుంటారు. వాటిలో కొన్నింటి కొస కత్తిరించి ఉంటుంది. పాత సూది గీరిన ఎత్తుకు పైనో కిందో గోడ మీద ఇంకా చెక్కుచెదరని పట్టీ ఏదైనా ఉందా అని ఒక్కో మొనా మార్చి వింటారు. ఆ పట్టీ దొరికితే గరగర మధ్య నుంచి గొంతు తేటపడి పైకి వస్తుంది. తొలినాటి తెలుగు పద్యగాయకుల గొంతు ఈ రోజు కొంతైనా శుభ్రంగా వినిపిస్తే దానికి కారణం ఇలాంటి ఓపికే.

మళ్లీ పటాన్‌చెరుకు వద్దాం. ఈ బెల్టు పుట్టుక పెద్ద యంత్రాలతో ముడిపడి ఉంది. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1980లలో యెద్దుమైలారంలో పదాతిదళ యుద్ధ శకటాలు చేసే ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ. టర్బైన్ షాఫ్టు బేరింగులో తిరిగే చోట నునుపు చాలకపోతే నూనె పొర తెగుతుంది, లోహం లోహాన్ని తాకుతుంది. తర్వాత వచ్చినవి మందుల పరిశ్రమలు. మందుల రియాక్టరు లోపలి స్టీలు గోడలో గుంతలుంటే కిందటి బ్యాచ్ మందు అక్కడ దాక్కుంటుంది, సూక్ష్మజీవి గూడు కడుతుంది. అందుకే అంతర్జాతీయంగా వాడే ఒక ప్రమాణంలోని కట్టుదిట్టమైన తరగతుల్లో పాలిష్ చేసిన ఉపరితలానికి ఆర్ఏ 0.51 మైక్రాన్ దాటకూడదని, విద్యుత్ పాలిష్ చేసినదానికి 0.38 దాటకూడదని ఉంది. అరమైక్రాన్ హద్దు అది. దాటామో లేదో ఈ షాపుల్లో చెప్పేది ఆ వజ్రపు మొనే.

ఇక్కడి మొన మీద భారం 0.75 మిల్లీన్యూటన్లు, అంటే గ్రాములో పదమూడో వంతు. నడిచే దూరం మిల్లీమీటర్లలో. అరుగుదల నెమ్మదే. దీన్ని చంపేది ఎక్కువగా దెబ్బ. గట్టిపరిచిన ఉక్కు మీద తొందరగా దింపడం, రంధ్రం అంచుకు కొట్టుకోవడం, కీవే గాడిలోకి జారడం. మొన కొస చిట్లి 2 మైక్రాన్లది 8 అవుతుంది. కంటికి ఏమీ తెలియదు. సంగారెడ్డి మెట్ట రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, మొద్దుబారిన కర్రు చాలు వెంట నడుస్తుంది కానీ లోతుకు దిగదు. అరిగిన మొనా అంతే, గుంతల అడుగు తాకకుండా పైపైన పోతుంది. గుంత లోతు తగ్గినట్టు లెక్కకు వస్తుంది, ఆర్ఏ తగ్గుతుంది, గరుకు జాబు నునుపు జాబుగా పాసవుతుంది. రికార్డు మీద అరిగిన మొన పాటను పాడు చేస్తే, ఇక్కడ అరిగిన మొన ప్రతి జాబునూ మెచ్చుకుంటుంది. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదం. చెడ్డ అంకె వస్తే ఎవరైనా వెతుకుతారు, మంచి అంకె వస్తే ఎవరు వెతుకుతారు?

వెతికేవాళ్లున్నారు. ఒక షాపులో నేను చూసిన పెద్దాయన, ముప్పై ఏళ్లుగా గ్రైండింగ్ మీద చేయి తిరిగినవాడు, మీటరు 0.4 చూపిస్తున్న షాఫ్టు మీద చూపుడువేలి గోరు అడ్డంగా లాగి తల అడ్డంగా ఊపాడు. “మీటర్ మంచిగనే చెప్తుంది సార్, గని గోరుకు తాకుతుంది” అన్నాడు. క్యూసీలో ఉన్న కుర్రవాడు దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. “ఆగు కాకా, టిప్పు చూస్త” అని రెఫరెన్సు ముక్క తీశాడు. టెస్టరుతో పాటు వచ్చే ఆ ముక్క మీద 3 మైక్రాన్ల దగ్గర ఆర్ఏ ఉన్న వెడల్పాటి అలలుంటాయి. అక్కడ అంకె సరిగ్గానే వచ్చింది. చాలాచోట్ల పరీక్ష ఇక్కడితో ముగుస్తుంది. అతను ముగించలేదు. 0.4 ఉన్న సన్నటి అలల ముక్క మీద మళ్లీ నడిపించాడు. అక్కడ అంకె స్పష్టంగా పడిపోయింది. మృదంగం బాగా పలికి శకారం పోయిన ఎల్పీ కథే ఇది కూడా. వెడల్పు అలను అరిగిన మొన చదవగలదు, సన్న అలను చదవలేదు. ఆ కుర్రవాడు మొన మార్చి, అంతకుముందు ఆ మొనతో పాసైన జాబులను పక్కకు పెట్టించి మళ్లీ కొలిచాడు. ఆ కాకా గోరునూ, ఆ కుర్రవాడి రెండో పరీక్షనూ నేను ఒకే వరసలో పెడతాను.

ప్రయోగశాల స్థాయి పరికరాల దగ్గర ఇంకా అందమైన పద్ధతి ఉంది. కొత్త బ్లేడు అంచు మీదుగా, అడ్డంగా, మొనను నడిపిస్తారు. బ్లేడు అంచు మొనకన్నా ఎన్నో రెట్లు సన్నం కాబట్టి తెర మీద గీసుకునేది బ్లేడు ఆకారం కాదు, మొన ఆకారమే. ఎప్పుడూ ఇతరుల ఎగుడుదిగుడులు రాసే మొన ఇక్కడ తన రూపం తానే గీసి ఇస్తుంది. కొస గుండ్రంగా వస్తే ఆరోగ్యం. చదునుగా వస్తే ఆయువు తీరింది. ఒక పక్క విరిగి వస్తే ఎవరో దించేటప్పుడు తొందరపడ్డారు. కొలిచే దాన్నే కొలవడానికి ఇంత చవకైన, ఇంత కచ్చితమైన ఉపాయం నాకు ఇంకొకటి తెలియదు.

గ్రామఫోను మొనకు ఆ పని చేసేది సూక్ష్మదర్శిని. వంద, రెండొందల రెట్లు పెంచి, పక్కనుంచి దీపం వేసి చూస్తారు. గుండ్రటి కొత్త మొన మీద వెలుగు చిన్న చుక్కలా నిలుస్తుంది. అరిగిన మొన రెండు పక్కలా కిటికీ అద్దాల్లా చదునులు మెరుస్తాయి. ఒకవైపు చదును పెద్దదైతే చేతి సర్దుబాటు తప్పిందని అర్థం. అయితే మొన బాగున్నంత మాత్రాన సరిపోదు. దాన్ని మోసే సన్నటి కడ్డీ కింద ఉండే రబ్బరు వాడకపోయినా ఏళ్లతరబడి గట్టిపడుతుంది. నలభై ఏళ్లు డబ్బాలో ఉన్న ‘కొత్త’ సూది చాలాసార్లు కొత్తది కాకపోవడానికి అదే కారణం.

ఈ మధ్య పాత రికార్డులు మళ్లీ బయటికి తీస్తున్నారు. తాతగారి పెట్టెలో పుష్ప విలాపమో సుప్రభాతమో దొరికితే సంతోషమే. కానీ అటక మీది ప్లేయరులో ఉన్న సూదితో దాన్ని వెంటనే వినకండి. ఆ సూది ఎన్ని గంటలు నడిచిందో ఎవరూ రాసిపెట్టి ఉండరు. రికార్డును తుడిచి, మొనను సూక్ష్మదర్శిని కింద చూపించి, అనుమానమొస్తే మార్చి, అప్పుడు వినండి. 78కి 78 మొన, ఎల్పీకి ఎల్పీ మొన వాడండి. కొత్త మొన పెట్టిన తేదీ ప్లేయరు మూత లోపల రాసి ఉంచండి. షాపుల్లో పనిచేసే తమ్ముళ్లకూ ఇదే మనవి: టెస్టరును సన్నటి రెఫరెన్సు ముక్క మీద కూడా చూడండి, చూసిన తేదీ రిజిస్టరులో వేయండి. కొత్త మొనకు ఖర్చవుతుంది, నిజమే. వెనక్కి వచ్చిన షాఫ్టు ఖరీదు, గొరిగిపోయిన పాట ఖరీదు అంతకన్నా చాలా ఎక్కువ.